కడుపునొప్పి వేషమున వచ్చు వంశవ్యాధి

కడుపునొప్పి యెరుగని యిల్లు లేదు. వాము నమలుట, ఆముదము త్రాగుట, వేడి కాపడము పెట్టుట మన పెద్దల చేతివైద్యములు. వానికి లొంగక కుడిప్రక్కన నిలిచిన నొప్పి యైనచో ఇరుగుపొరుగువారే రోగనిర్ణయము చేసివేయుదురు. "అది ఇరువదినాలుగు గంటల నొప్పి, వెంటనే కోయించుడు" అందురు. అపెండిక్సు వాచినప్పుడు వచ్చు నొప్పికి మన ప్రజలు పెట్టుకొన్న పేరది. పేరు మంచిదే. అందులో తొందర యున్నది. ఆ తొందర పెక్కు ప్రాణములను నిలిపినది. నేను వైద్యుడను, దానిని తప్పుపట్టుటకు మీ ముందుకు రాలేదు. కాని ఆ నొప్పి వేషమే వేసికొని, అట్లే వాంతులు చేయించి, అట్లే కేకలు పెట్టించి, శస్త్రవైద్యునిచేత కత్తి పట్టించి, తీరా కడుపు తెరచి చూచినచో ఏమియు కనబడనీయని వ్యాధి యొకటి కలదు. దాని పేరు పోర్ఫీరియా. ఆ వేషమును ఎవరెవరు ఎట్లు కనిపెట్టిరో, అందులకు ఎంతకాలము పట్టినదో, ఆ కథ నేడు చెప్పదలచితిని.

ముందు నా సంగతి కొంత చెప్పుకొనవలెను. లేనిచో ఈ చరిత్రను నేనింత పట్టుదలతో ఎందుకు చదివితినో మీకు తెలియదు.

1972వ సంవత్సరములో నేను చదువు ముగించి యొక జిల్లా ఆసుపత్రిలో హౌస్‌సర్జనుగా నుంటిని. వరినాట్ల రోజులు. ఒక సాయంకాలము ఇరువదినాలుగేండ్ల స్త్రీని ఎడ్లబండిమీద తీసికొనివచ్చిరి. మూడు దినములనుండి కడుపులో నొప్పి, వాంతులు, విరేచనము లేదు. వెంట వచ్చిన అత్తగారు నన్ను ప్రక్కకు పిలిచి, "నాట్లు వచ్చినప్పుడే దీనికి నొప్పియు వచ్చును బాబూ, పోయినయేడును ఇట్లే చేసినది" అని రహస్యముగా చెప్పెను. పొట్టమీద అంతకుముందే యొక కోత గుర్తు కలదు. నేను చేయి వేసి చూచితిని. లోపల అంత బాధ యున్నచో పొట్ట పలకవలె బిగిసియుండవలెను; అది మెత్తగానే యుండెను. నాడి మాత్రము నిమిషమునకు నూటయిరువది కొట్టుకొనుచుండెను. ఈ రెండు సంగతులను కేసుకాగితము మీద వ్రాసితిని. వ్రాసితినే గాని వానినిగూర్చి ఆలోచింపలేదు.

పాత కోత యున్నది గనుక ప్రేవు ఎక్కడనో అతుకుకొని మెలిపడియుండునని మా పెద్దలు తలచిరి. ఆ తలపు అసమంజసము కాదు. ఆ రాత్రియే మత్తుసూది వేసి కడుపు తెరచిరి. ప్రేవులు నిగనిగలాడుచు శుభ్రముగా నుండెను. మరల కుట్టివేసిరి. మరునాటినుండి ఆమెకు నిద్ర లేదు. ఏడ్చుట, పొంతన లేని మాటలాడుట, పైబట్ట లాగివేయుట మొదలైనవి. "హిస్టీరియా" అని ఎవరో కాగితముపై వ్రాసిరి. రాత్రి డ్యూటీ నాది. పాపము, నిద్రయైన పట్టునని లూమినాల్ సూది వ్రాసితిని. మరునాడును వ్రాసితిని. మూడవనాటికి ఆమె చేతులు మణికట్టుకడ వ్రాలిపోయినవి. తల దువ్వుకొనుటకు దువ్వెన ఎత్తలేకపోయెను. తరువాత గొంతు సన్నబడినది.

వార్డులో పనిచేయు ఆయా యొక సీసాను నాకు తెచ్చి చూపెను. పరీక్షకని పట్టి, పంపుట మరచి, కిటికీలో ఎండ తగులుచోట వదలివేసిన మూత్రపు సీసా యది. "నిన్న మామూలుగానే యున్నది డాక్టరుగారూ, ఈవేళ నేరేడుపండ్ల రసమువలె నైనది" అనెను. అదే సమయమున మా ఆసుపత్రిలోని వృద్ధ వైద్యుడొకరు వార్డులోనికి వచ్చిరి. సీసా చూచిరి, రోగిని చూచిరి, కాగితము త్రిప్పి, లూమినాల్ ఎవరు వ్రాసిరని అడిగిరి. మంచముకడ కూర్చున్న మేనత్త అప్పుడు చెప్పినది: "దీని తల్లియు ఇట్లే కాళ్లు చేతులు పడిపోయి పోయినది. అప్పుడు గాలి సోకినదనిరి." ఆ మాట మేమెవ్వరమును మొదటిరోజున అడుగలేదు. ఆ రాత్రి తెల్లవారకముందే ఊపిరి తీసికొను కండరములు చచ్చుబడి ఆమె మరణించినది. నేను ఆ వ్యాధినిగూర్చి పుస్తకములో చదివియుంటిని. పరీక్షలో వ్రాసి మార్కులు గూడ తెచ్చుకొంటిని.

ఇక చరిత్ర. పోర్ఫీరియా అను మాటకు మూలము గ్రీకుభాషలో ఊదారంగునకు గల పేరు. ప్రాచీనకాలమున మధ్యధరా సముద్రతీరమున నత్తలనుండి తీసి రాజవస్త్రములకు అద్దిన రంగది. 1841లో షేరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు రక్తమునకు గాఢమైన గంధకామ్లము కలిపి, అందలి ఇనుమును తొలగించియు ఎఱుపు పోలేదని చూపెను. అంతవరకు రక్తపు రంగంతయు ఇనుముదే యని తలచుచుండిరి. 1871లో హోప్పె-సైలరు ఆ రంగుపదార్థమునకు హెమటోపోర్ఫిరిన్ అని పేరుపెట్టెను. అప్పటికిది రసాయనశాలలోని ముచ్చటయే. రోగి మంచము దగ్గరకు రాలేదు.

అది మంచము దగ్గరకు వచ్చిన తీరు విచిత్రమైనది. దానిని రోగమువెంట గాక ఔషధమువెంట పోయి కనుగొనిరి. 1888లో సల్ఫోనల్ అను నిద్రమందు యూరపులో వాడుకలోనికి వచ్చినది. మరుసటి సంవత్సరమే, అనగా 1889లో, ఆమ్‌స్టర్‌డామున ఆచార్యుడుగా నుండిన స్టోక్విస్ యొక వృద్ధ స్త్రీ కథను ప్రకటించెను. ఆమె సల్ఫోనల్ పుచ్చుకొన్నది, మూత్రము ముదురెఱుపున దిగినది, ఆమె చనిపోయినది. స్టోక్విస్ ఆ మూత్రమును పారబోయక పరీక్షించి, అందలి ఎఱుపు రక్తము కాదనియు, హెమటోపోర్ఫిరిన్‌ను పోలిన రంగనియు తేల్చెను. తరువాత సల్ఫోనల్ వాడినవారిలో ఇట్టివే మరికొన్ని బయటపడెను. మందే విషమని వైద్యులు తలపోసిరి. అది సగమే నిజము. అదే మందు పుచ్చుకొని హాయిగా నిద్రించి లేచినవారు వేలకొలది కలరు. ఈ కొందరికి మాత్రమే ఎందుకు విషమైనదను ప్రశ్నకు సమాధానము మందులో లేదు, మనిషిలో నున్నది. ఆ మాట తెలియుటకు ఇంకను ఏబదియేండ్లు పట్టినది. 1890లో ఇంగ్లండున ర్యాంకింగు, పార్డింగ్టను అను ఇరువురు వైద్యులు సల్ఫోనల్ ఎరుగని ఇద్దరు స్త్రీల మూత్రములోను ఈ రంగే కనబడినదని వ్రాసిరి గాని, ఆ మాట అప్పట్లో ఎవరి చెవికిని ఎక్కలేదు.

1911లో జర్మనీలో హాన్సు గుంథరు అంతవరకు చెదరియున్న కేసులన్నిటిని ఒకచోట చేర్చి, ఇది ప్రత్యేకమైన రోగజాతి యని స్థాపించెను. చర్మముపై పొక్కులు లేచునవి వేరు, కడుపునొప్పితో ఆకస్మికముగా వచ్చునవి వేరు అని విభజించినవాడు ఆయనయే. రెండవజాతికి లక్షణములను గూడ చక్కగా చెప్పెను: కడుపులో పోట్లు, వాంతి, మలబద్ధము, తరువాత నరముల బలహీనత. అంతవరకు బాగున్నది. కాని ఇట్టి రోగులు స్వభావముచేతనే బెదురుగొడ్డు మనుష్యులు, నిద్రలేమివారు, నరముల పిచ్చివారు అను నొక భావనను గూడ ఆయన నాటెను. రోగము తెచ్చిపెట్టిన బెదురునే రోగి స్వభావమని వ్రాయుట! ఎంత గొప్ప పరిశీలకునికైనను అత్తగారి కన్ను కొంత యుండునేమో యని నాకు తోచును.

ఇచ్చట ఆగి, ఈ రంగు ఒంటిలో ఎట్లు పుట్టుచున్నదో చెప్పవలెను. మన రక్తమునకు ఎఱుపునిచ్చు పదార్థము హీము. దానిని ఎముకల మూలుగయు, కాలేయమును నిత్యము తయారుచేయుచుండును. డేవిడ్ షెమిన్ అను శాస్త్రజ్ఞుడు 1945లో న్యూయార్కున దీని ముడిసరుకేమో తెలిసికొనగోరి, గ్లైసిన్ అను చిన్న పదార్థమునకు గుర్తు వేయబడిన నత్రజనిని అతికించి, మూడుదినములలో 66 గ్రాములు తానే మ్రింగి, తన రక్తమును తానే పరీక్షించుకొనెను. గుర్తు హీములో తేలినది. ఆ హీము ఎనిమిది మెట్లలో తయారగునని తరువాత తెలిసినది. మన చేనేతవారి పనిని తలచుకొనుడు. ఒకరు ఏకుదురు, ఒకరు వడకుదురు, ఒకరు ఆసుపోయుదురు, ఒకరు గంజి పెట్టుదురు. చేతులు మారి మారి తుదకు మగ్గముపై బట్ట యగును. హీమును అట్లే ఎనిమిది ఎంజైములు ఒకదాని చేతినుండి ఒకటి అందుకొనుచుండును. నేను చెప్పుచున్న వ్యాధిలో మూడవచేతికి పుట్టుకతోనే సగము బలమే యుండును. మామూలు రోజులలో సగబలముతోనే పని సాగిపోవును. అందుచేతనే ఈ లోపముతో పుట్టిన పదిమందిలో తొమ్మిదిమందికి జన్మమంతయు ఒక్క నొప్పియు రాకపోవచ్చును. కాని కొన్ని మందులు ఒంటిలో పడినప్పుడు కాలేయము వానిని విరిచివేయుటకై హీము ఎక్కువగా కావలెనని కేకవేయును. మొదటిచేయి తొందరపడి సరుకు దింపును. మూడవచేయి అందుకొనలేదు. ఆ మధ్యలో సరుకు గుట్టలు పడును. ఆ గుట్టయే నరములను పట్టుకొనును, మూత్రములో దిగును. కడుపులో ఏ యవయవమునకును వాపు లేదు, పుండు లేదు. నొప్పి పుట్టునది నరములలో. కనుకనే రోగి పొర్లి పొర్లి యేడ్చుచున్నను వైద్యుని చేతిక్రింద పొట్ట మెత్తగా నుండును.

గుట్టపడిన ఆ సరుకునకు రంగు లేదు. దీనిని మీరు ప్రత్యేకముగా గమనింపుడు. అప్పుడే పట్టిన మూత్రము తరచుగా మామూలుగానే కనబడును. వెలుతురులో కొన్ని గంటలు నిలువయున్నప్పుడే అది మారి, ముదురెఱుపో నేరేడు రంగో యగును. ఆసుపత్రులలో సీసాలను శుభ్రముగా నెప్పటికప్పుడు కడిగివేయుదురు గదా! ఆ శుభ్రతవలననే సాక్ష్యము కాలువలో కలిసిపోవును.

ఈ సాక్ష్యమును దారిలో పట్టుకొన్నవాడు స్వీడను దేశపు వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రోము. 1906లో జన్మించిన ఈయన ఉప్సాలాలో పనిచేయుచు, పోర్ఫిరిన్ల రసాయనమునకు మూలపురుషుడును, 1930లో నోబెల్ బహుమానము పొందినవాడును అగు హాన్సు ఫిషరువద్దకు మ్యూనిక్కు పోయి పాఠము నేర్చెను. తరువాత తన దేశములో ఈ వ్యాధికై వెదుక నారంభించెను. 1937లో ఆయన ప్రకటించిన సిద్ధాంతగ్రంథములో నూటమూడుగురు రోగుల వృత్తాంతము కలదు. అంతకుముందు ప్రపంచమంతటను ఒకటి, రెండు చొప్పున వ్రాయుచుండిన వ్యాధి యిది! నూటమూడు ఎచ్చటనుండి వచ్చినవి? ఆయన రోగినిబట్టి యింటికి, యింటినిబట్టి వంశమునకు పోయెను. స్వీడనులో క్రైస్తవాలయముల పుస్తకములలో జనన మరణ వివాహములు తరతరములుగా వ్రాసియుండుట ఆయనకు కలిసివచ్చినది. ఉత్తరమున లాప్లాండు సీమలోని ఆర్యెప్లోగ్ అను మారుమూల ప్రాంతమున ఈ వ్యాధి మిగిలినచోట్లకంటె ఎన్నో రెట్లు అధికముగా నున్నది. తల్లికో తండ్రికో ఉన్నచో బిడ్డలలో సగముమందికి సంక్రమింపవచ్చును.

వాల్డెన్‌స్ట్రోము చేసిన పనులలో నాకు మిక్కిలి గొప్పగా తోచునది మరియొకటి. ఎర్లిక్కు ద్రావకము అను నొకటి కలదు. పూర్వమునుండి ప్రయోగశాలలలో నున్నదే, కొత్తది కాదు. దానిని ఈ రోగుల మూత్రములో కలిపినచో చక్కని ఎఱుపు తేలును. మూత్రము నల్లబడువరకు కాచుకొననక్కరలేదు. ఆయన దానిని రోగులకే గాక, మంచము పట్టని అన్నదమ్ములకును, పిల్లలకును గూడ పరీక్షించెను. ఏ బాధయు లేక పొలములో పనిచేసికొనుచున్న వారిలో కూడ కొందరి మూత్రము ఎఱ్ఱబడినది. రోగము పైకి రాకుండ లోపల దాగియుండు మనుష్యులు కలరని అప్పుడు తెలిసినది. స్టోక్విస్ నాటి ప్రశ్నకు అదియే సమాధానము. 1939లో వాల్డెన్‌స్ట్రోము, వాల్‌క్విస్టు అను సహచరునితో కూడి ఆ రంగులేని పదార్థమునకు పోర్ఫోబిలినోజెన్ అని పేరిడెను. 1941లో అమెరికాలో వాట్సను, ష్వార్ట్జు ఈ పరీక్షకు ఒక మెరుగు దిద్దిరి. కాలేయరోగములలో కనబడు మరియొక పదార్థము గూడ ఎర్లిక్కు ద్రావకముతో ఎఱ్ఱబడును. గొట్టములో క్లోరోఫారము పోసి కుదిపినచో ఆ రెండవదాని యెఱుపు అడుగున క్లోరోఫారములోనికి దిగిపోవును. పోర్ఫోబిలినోజెన్ యెఱుపు దిగక పైనీటిలోనే నిలుచును. ఒక గాజుగొట్టము, రెండు ద్రావకములు, అయిదు నిమిషములు. ఏ చిన్న ఆసుపత్రిలోనైనను చేయదగినది. మా ఆసుపత్రిలోను 1972లో ఆ సరంజామా అంతయు ఉండెను.

ఈ వ్యాధిని వాల్డెన్‌స్ట్రోము "చిన్న వేషధారి" అనెను. పెద్ద వేషధారి యను బిరుదు సవాయిరోగమునకు అంతకుముందే పోయినది. మన పగటివేషగాండ్రను చూచినవారికి ఈ మాట చక్కగా అర్థమగును. పగటివేషగాడు పొద్దున పోలీసు జవానై వచ్చి బెదరించును, మధ్యాహ్నము బైరాగియై వచ్చి దీవించును. ఇదియును అట్లే. శస్త్రవైద్యునికి మెలిపడిన ప్రేవుగా కనబడును. స్త్రీవైద్యురాలికి గర్భకోశపు నొప్పిగా కనబడును. మానసిక వైద్యునికి హిస్టీరియాగా, నరముల వైద్యునికి పక్షవాతముగా కనబడును. యౌవనము రాకముందు సాధారణముగా రాదు. స్త్రీలలోనే ఎక్కువ, కొందరికి నెలనెలయు బహిష్టునకు ముందు వచ్చి పోవుచుండును. ఇట్టిదానిని నటన యనుకొనుట కంటె సులభమేమున్నది?

సీసపు విషము గూడ దీనివలెనే కడుపునొప్పి, మలబద్ధము, మణికట్టు వ్రాలుట కలిగించునని పాత వైద్యులకు తెలియును. 1767లో జార్జి బేకరు అను ఆంగ్లవైద్యుడు డెవను సీమలో ఆపిలు సారాయి త్రాగువారికి వచ్చు కడుపునొప్పికి సీసమే కారణమని చూపెను. సీసము పోయి కొట్టునది గూడ ఈ హీము చేయు చేతులనే. ప్రధానముగా రెండవచేతిని. దూరపు చుట్టములిద్దరి పోలిక యిది.

ఇప్పుడు మిమ్ములను దక్షిణాఫ్రికాకు తీసికొనిపోవలెను. ఇది ఈ కథలో మందు వలన గలిగిన కీడును మిక్కిలి స్పష్టముగా చూపు భాగము. అచ్చటి రకము కొంచెము వేరు, దెబ్బతిన్నది ఏడవచేయి. అందుచేత కడుపునొప్పితోబాటు, ఎండ తగిలిన చేతులపై చర్మము పలుచనై పొక్కులు లేచును. 1947లో ఇంగ్లండునుండి పోర్ట్ ఎలిజబెత్ నగరమునకు వెళ్లిన జెఫ్రీ డీన్ అను వైద్యుడు, యూరపునుండి పూర్వము వలసవచ్చిన రైతుకుటుంబములలో ఈ చర్మము ఇంటిలక్షణముగా చెప్పుకొనబడుట వినెను. ఆయన పల్లెలు తిరిగి, మనుష్యుల చేతుల వెనుకభాగములు చూచుచు, తాతముత్తాతల పేర్లు వ్రాసికొనుచు, కుటుంబములను ఒకదానితో నొకటి ముడివేసికొనుచు పోయెను. ముడులన్నియు తుదకు ఒక్క దంపతులకడ చేరినవి. 1688లో గుడ్‌హోప్ అగ్రమున వివాహమాడిన గెరిట్ యాన్స్, ఆరియాంట్యె యాకబ్స్ అనువారే వారు. ఆ పెండ్లికూతురు హాలండు దేశపు రాటర్‌డాము అనాథాశ్రమమునుండి, వలసవచ్చిన ఒంటరి పురుషులకు భార్యలుగా నుండుటకై ఓడపై పంపబడిన బాలికలలో నొకతె. వారి సంతతి వేలకొలదిగా విస్తరించినది. 1963లో డీన్ ఈ పరిశోధననంతయు గ్రంథముగా ప్రకటించెను. ఆయన పట్టికలు సరియైనవేయని 1996లో జన్యువు చెప్పినది. ఆ కుటుంబములలో వెదకిచూడగా మిక్కిలి మందిలో ఒకే జన్యువులో ఒకే అక్షరదోషము కనబడెను.

నాకు ఆశ్చర్యము కలిగించునది వంశవృక్షము కాదు. రెండున్నర శతాబ్దములు ఆ దోషము ఆ రైతుల ఇండ్లలో దాదాపు కీడు చేయక యుండినది. చేతిచర్మము పలుచనగుటయే దాని ఫలము. వారు నిండు ఆయుర్దాయముతో బ్రతికిరి, బిడ్డలను కనిరి. కీడు ఎప్పుడు మొదలైనది? బార్బిట్యూరేట్ నిద్రమందులు, సల్ఫామందులు ఇంటింటికి వచ్చినప్పుడు. శస్త్రచికిత్సకు ముందు థయోపెంటోన్ మత్తుసూది వేయుట వాడుకయైనప్పుడు. కడుపునొప్పి యని ఆసుపత్రికి పోయినవారు, మత్తునుండి లేచి, క్రమముగా చచ్చుబడి మరణించిరి. డీన్ దీనిని వేలుపెట్టి చూపెను. మత్తుమందు ఇచ్చుటకు ముందు పోర్ఫీరియా కలదా యని అడుగుట ఆ దేశములో తరువాత అలవాటైనది. ఈ పేజీలు నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకము మూసి చాలసేపు కూర్చుండిపోతిని. మా రోగికి మొదటిరాత్రి వేసిన మత్తుసూదియు థయోపెంటోనే. తరువాతి రెండు సూదులు నావి.

ఇంగ్లండు రాజు మూడవ జార్జికి వచ్చిన ఉన్మాదము పోర్ఫీరియాయే యని మీలో కొందరు వినియుందురు. 1966లో ఐడా మక్‌అల్పైన్, రిచర్డు హంటరు అను తల్లీకొడుకులగు మానసిక వైద్యులు ఆ వాదము లేవదీసిరి. 1788లో ఆయనకు వచ్చిన కడుపునొప్పి, నిద్రలేమి, మూత్రపు రంగు వారికి ఆధారములు. నాటకముగాను చలనచిత్రముగాను ఆడుటచేత కథ లోకమెల్ల వ్యాపించినది. డీన్ మొదటినుండియు దీనిని ఒప్పుకొనలేదు. ఆ పాత కాగితములను మరల పరిశీలించినవారు 2010 ప్రాంతమున అది మానసికవ్యాధియేయని వ్రాసిరి. నా మొగ్గు వీరివైపే. ఈ వ్యాధిని గుర్తించుటకు సీసా చేతిలో నుండవలెను; సీసా లేని రోగనిర్ణయము రాజునకు చేసినను నమ్మదగినది కాదు. ఒక్క మేలు మాత్రము జరిగినది. రాజుగారి పేరు చెప్పుకొని ఈ రోగము పేరు వైద్యవిద్యార్థులకు గుర్తుండిపోయినది.

చికిత్సయొక్క చరిత్ర దీనికంటె చిన్నది. ఉపవాసము ఈ వ్యాధిని రేపును. అన్నము, చక్కెర దానిని అణచును. కాలేయము ఆకలితో నున్నప్పుడు మొదటిచేయి మరింత తొందరపడుటయే కారణము. కనుక ఏకాదశులు, శనివారములు కటికయుపవాసముండు ఇల్లాండ్రకు ఈ లోపమున్నచో ప్రమాదము. కడుపునొప్పి రోగికి నోట ఏమియు ఇవ్వవలదని మేము గోడమీద వ్రేలాడదీయు చీటియు వీరికి శత్రువే. కావున సిరలోనికి గ్లూకోజు ఎక్కించుట మొదటి ఉపచారమైనది. 1971లో అమెరికాలో బాన్‌కావ్‌స్కీయు ఆయన సహచరులును హీమునే సూదిద్వారా ఇచ్చిచూచిరి. అంగడిలో బట్ట కావలసినంత యున్నచో నేతగాండ్రను తొందరపెట్టువారెవరు? మొదటిచేయి నెమ్మదించినది, గుట్ట కరిగినది. 1983లో ఆ మందునకు అమెరికా ప్రభుత్వము అనుమతినిచ్చినది. 2019లో గివోసిరాన్ అను మరియొకటి వచ్చినది. అది మొదటిచేతిని తయారుచేయు ఆజ్ఞనే కాలేయములో అణచివేయును. నెలకొకసారి చర్మముక్రింద వేయు సూది. దాని ఖరీదు మాత్రము మన సామాన్య కుటుంబముల ఊహకు అందునది కాదు. గ్లూకోజు సీసా నేటికిని అందరికి అందును.

నా కథలో మిగిలినది చెప్పి ముగించెదను. 1991లో నేను మరియొక ఊరి ఆసుపత్రిలో నుంటిని. నలుబది యేండ్ల స్త్రీని కడుపునొప్పితో తెచ్చిరి. నాలుగు దినముల నొప్పి, వాంతులు, మలబద్ధము, పొట్ట మెత్తన. ప్రేవు మెలిపడినదేమో చూడుడని చీటి వ్రాసి మా యువవైద్యుడు శస్త్రచికిత్స గదికి కబురంపెను. నేను ఆమెను, "అమ్మా, మీ ఇంటిలో ఇట్టి నొప్పితో ఎవరైన పోయిరా?" అని అడిగితిని. "మా అమ్మ పోయినది. మా యక్క ఆపరేషనయి పోయినది" అని, యక్క పేరును, ఆ జిల్లా ఆసుపత్రి పేరును చెప్పెను. ఆ పేరు నాకు తెలియును. పందొమ్మిది సంవత్సరములుగా తెలియును.

గొట్టములో ద్రావకములు పోసి కుదిపితిని. ఎఱుపు పైనీటిలోనే నిలిచినది. అయినను ఇట్టివారికి నిజమైన అపెండిక్సు రాకూడదని నియమము లేదు గనుక, గంటకొకసారి పొట్టపై చేయివేసి చూచుచు, గ్లూకోజు ఎక్కించుచు, ఆమె ప్రక్కనే కూర్చుంటిని. ఇంకొక సీసా కిటికీలో పెట్టించితిని. మధ్యాహ్నమునకు అది నల్లబడినది. అయిదవనాటికి నొప్పి తగ్గినది.

ఇంటికి పోవునాడు, ఆమె యక్కకు ఆ సూదులు వ్రాసినవాడను నేనే యని చెప్పితిని. ఆమె చాలసేపు ఊరకుండెను. తరువాత, తన పిల్లలకు గూడ ఈ పరీక్ష చేయవలెనా యని అడిగెను. ఎదిగిన బిడ్డలు ముగ్గురు, ముగ్గురికిని చేసితిమి. నడిమి పిల్లకు ఎఱుపు తేలినది. ఆమె పుచ్చుకొనకూడని మందుల పేర్లు తెలుగులో ఒక కాగితముపై వ్రాసి యిచ్చితిని. ఆ పిల్లకు పెండ్లియైనప్పుడు తల్లి ఆ కాగితమునకు నాలుగుమూలల పసుపు పూసి, సారెపెట్టెలో చీరల మీద పెట్టి పంపినదట.